ముక్క చిన్నది, కథ పెద్దది: లిస్బన్ ఖరీదైన బల్లల మీద పోర్చుగీసు ఇంటి వంట

లిస్బన్ పాత పేటల సందుల్లో ‘తాష్కా’లు అనే చిన్న భోజన హోటళ్లు ఉంటాయి. మన మెస్సుల్లాంటివే. పది పన్నెండు బల్లలు, గోడకో టీవీ, బల్లల మీద గుడ్డకు బదులు తెల్ల కాగితం. వాటి వంటింట్లో ‘బకల్యావ్ ఆ బ్రాష్’ చేస్తుండగా చూస్తే పోర్చుగీసు వంట సంగతి సగం తెలిసిపోతుంది. బకల్యావ్ అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప. దాన్ని ఒకటి రెండు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెడతారు. తోలూ ముళ్లూ తీసేసి చేత్తో పీచులు పీచులుగా విడదీస్తారు. ఆలివ్ నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి మెత్తగా మగ్గాక చేప వేస్తారు. అగ్గిపుల్లలంత సన్నగా కోసి కరకరలాడేలా వేయించిన బంగాళాదుంప కలుపుతారు. ఆఖర్న గిలక్కొట్టిన గుడ్లు పోస్తారు, అంతే, మూకుడు దించేస్తారు. దాని వేడికే గుడ్డు చిక్కబడాలి. ఇంకో పావు నిమిషం పొయ్యి మీద ఉందంటే అది కోడిగుడ్డు పొరటే, బ్రాష్ కాదు. పైన కాస్త పార్స్లీ (చూడ్డానికి కొత్తిమీరలా ఉండే ఆకు), నాలుగు నల్ల ఆలివ్ కాయలు. బైరు ఆల్తు పేటలో బ్రాష్ అనే హోటలాయన దీన్ని మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. చేప మంచి ముక్కలు కోయగా మిగిలిన చిన్నాచితకా తునకలకు ఇంతకంటే గౌరవమైన దారి లేదు.

అక్కడికి నాలుగడుగుల దూరంలో, షియాదు పేటలో, ఆల్మా అనే రెస్టారెంట్ ఉంది. పాత పుస్తకాల షాపు బెర్త్రాండ్‌కి ఒకప్పుడు గోదాముగా ఉన్న 18వ శతాబ్దపు కట్టడం అది. షెఫ్ ఎన్రీక్ సా పెసోవా 2015లో ఆల్మాను ఇక్కడ పెట్టాడు. ఆయనకు పేరు తెచ్చిన వంటకాల్లో ‘కల్సాదా ద బకల్యావ్’ ఒకటి. కల్సాదా అంటే లిస్బన్‌లో ప్రతి వీధిలోనూ కనిపించే తెలుపు నలుపు రాళ్ల కాలిబాట. తెల్ల సున్నపురాయి, నల్ల బసాల్ట్ రాయి, చిన్న చిన్న ముక్కలు చేత్తో పేర్చి వేస్తారు. పళ్లెంలోనూ ఆ బాటే కనిపిస్తుంది. దాని కింద ఉన్నది మాత్రం బ్రాషే: అదే కాడ్, అదే గుడ్డు, అదే ఉల్లిపాయ. పరిమాణం నాలుగు చెంచాలు.

ఆధునిక పోర్చుగీసు వంట అంటే ఏమిటో తేల్చుకోవడానికి ఈ రెండు పళ్లేలు చాలు. రెండో పళ్లెం కళ్లకు వేరే సంగతి చెబుతుంది, నాలుక మీద మొదటి పళ్లెమే పలుకుతుంది. ఇక్కడ గెలిచిన షెఫ్‌లు రుచి జోలికి పెద్దగా వెళ్లలేదు. ఆకారాన్నీ, మెత్తదనాన్నీ, కరకరనీ, పాళ్లనీ మార్చారు. రుచినే మార్చబోయినవాళ్ల వంట బాగుండొచ్చు, కానీ అది ఏ ఊళ్లోనైనా దొరికే మంచి వంట అయిపోతుంది. పైకి సులువుగా కనిపించే ఈ పనిలో చిక్కేమిటంటే, పాత రుచి పోలేదని గుర్తుపట్టాలంటే తినేవాడి నాలుకకు ఆ పాత రుచి ముందే తెలిసుండాలి.

అసలు పోర్చుగీసు వంటను ‘పెద్ద హోటల్’ స్థాయికి తేవడమే కష్టం. ఫ్రెంచి వంటలో సాస్‌లకే ఒక శాస్త్రం ఉంది, రాజుల కొలువుల్లోనూ ధనికుల ఇళ్లలోనూ పెరిగిన వంట అది. పోర్చుగల్ వంట అలా కాదు. రొట్టె ముక్క పారేయలేని రైతు ఇల్లు, సముద్రం మీద నెలల తరబడి గడిపిన జాలరి, గుడ్డు సొనలు మిగిలిపోయిన కన్యాస్త్రీల మఠం, ఈ మూడు చోట్ల నుంచి వచ్చిన వంటలే ఎక్కువ. వీటిలో దాచుకోవడానికి ఏమీ లేదు. నాలుగు దినుసులు ఉంటే ఆ నాలుగూ నోటికి తెలుస్తాయి.

అలెంతేజు ప్రాంతపు ‘అసోర్డా’నే తీసుకుందాం. దేశానికి దక్షిణాన ఎండకు మాడే గోధుమ నేల అది. రోట్లో వెల్లుల్లి, రాళ్ల ఉప్పు, గుప్పెడు పచ్చి కొత్తిమీర వేసి దంచుతారు. ఆ ముద్దను పెద్ద గిన్నెలోకి తీసి ఆలివ్ నూనె పోసి, పైన సలసల కాగే నీళ్లు పోస్తారు. గుడ్లను ఆ నీళ్లలోనే చిదక్కుండా ఉడికించి పెట్టుకుంటారు. నిన్నటి ఎండు రొట్టె ముక్కలు అందులో వేసి, పైన గుడ్డు పెట్టి తింటారు. ఇంతే కూర, ఇంతే చారు, ఇంతే భోజనం. వేడి నీళ్లు పడగానే గిన్నెలోంచి లేచే వాసన తెలుగు ఇంట్లో కొత్తిమీర పచ్చడి నూరేటప్పటి వాసనకు చాలా దగ్గర. పశ్చిమ ఐరోపాలో పచ్చి కొత్తిమీరను ఇంత ధారాళంగా వాడే దేశం ఇంకోటి కనిపించదు. మిగతా చోట్ల పార్స్లీ రాజ్యం. లిస్బన్ కూరగాయల మార్కెట్‌లో తెలుగువాళ్ల ముక్కుకు ఒక్కసారిగా ఇల్లు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు దీన్ని 200 యూరోలు దాటిన భోజనంలో ఒక వంతుగా ఎలా పెడతారు? నానిన రొట్టె చూడ్డానికి బాగుండదు. గిన్నెడు పెడితే తర్వాత వచ్చే పది రకాలకు కడుపులో చోటుండదు. పోనీ రొట్టె తీసేద్దామంటే, అసలు వంటే అది. చాలామంది షెఫ్‌లు పట్టుకున్న ఉపాయం ఒక్కటే: నీటిని కొత్తిమీర వాసన నిండిన పచ్చటి పలుచని రసంగా విడదీయడం, రొట్టెను కరకరలాడే పొరగా చేయడం, గుడ్డును సన్నని వేడి మీద నెమ్మదిగా ఉడికించడం. తినేవాడి ముందుకు వచ్చాక రసం పోస్తారు. పోయగానే వాసన లేస్తుంది. అసోర్డా అంటే ఆ ఘడియే కాబట్టి అది దక్కితే మిగతాది క్షమించొచ్చు. కొత్తిమీరను అలంకారంగా రెండు చివుళ్లు పెట్టి ఊరుకున్న చోట మాత్రం పేరు తప్ప ఏమీ మిగలదు.

గుడ్డు సంగతి వచ్చింది కాబట్టి ఆ వేడి లెక్క చెప్పుకోవాలి. గుడ్డు తెల్లసొనలో రకరకాల ప్రోటీన్లు ఉంటాయి. కొన్ని 62 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడతాయి, ఎక్కువ పాలున్న ప్రోటీన్‌కు మాత్రం 80 దాకా కావాలి. పచ్చసొన 65 డిగ్రీల చుట్టుపక్కల చిక్కబడుతుంది. అందుకని నీళ్లను 63 డిగ్రీల దగ్గర కదలకుండా నిలిపి గుడ్డును పెంకుతో గంట సేపు ఉంచితే, తెల్లసొన వణికే జున్నులా, పచ్చసొన తేనెలా తయారవుతుంది. మరిగే నీళ్లలో ఎంత చేయి తిరిగినవాళ్లకైనా రోజూ వంద గుడ్లు ఒకేలా రావు. ఈ పద్ధతిలో వస్తాయి. లిస్బన్‌లో పేరుమోసిన బెల్‌కాంటో రెస్టారెంట్‌లో ‘బంగారు గుడ్లు పెట్టే కోడి తోట’ అనే వంటకం ఉంది. మనకు కథలో బాతు, వాళ్లకు కోడి. నెమ్మదిగా ఉడికిన గుడ్డు మీద బంగారు రేకు, చుట్టూ తోటలా అమర్చిన తినుబండారాలు. బంగారు రేకుకు రుచి ఉండదు, అది ఉత్త నాటకమే. ఆ నాటకం కింద గుడ్డు నిజమైనది కాబట్టి నడిచిపోయింది.

బెల్‌కాంటో కథ ఆధునిక పోర్చుగీసు వంట కథకు దాదాపు అద్దం. సావ్ కార్లుష్ నాటకశాల ఎదురుగా 1958లో మొదలైన రెస్టారెంట్ అది. నాటకశాల 1793 నాటిది, ఒపెరాకు ప్రసిద్ధి. పక్కనున్న రెస్టారెంట్‌కూ పాట పేరే వచ్చింది. షెఫ్ జుజే అవిలెజ్ దాన్ని తీసుకుని 2012లో కొత్తగా తెరిచాడు. అప్పుడు పోర్చుగల్ ఆర్థికంగా నడుము విరిగి ఉంది. 2011లో ఐరోపా యూనియన్, ఐఎంఎఫ్‌ల దగ్గర అప్పు తీసుకుని, జీతాలూ పింఛన్లూ కోసుకుంటున్న రోజులు. అలాంటప్పుడు ఖరీదైన భోజనశాల తెరవడం తెగింపే. ఆ ఏడాదే మొదటి మిషెలిన్ స్టార్ (మిషెలిన్ గైడ్ మేటి రెస్టారెంట్లకు ఇచ్చే గుర్తింపు, మూడు స్టార్లే గరిష్ఠం), 2014లో రెండోది వచ్చాయి. లిస్బన్‌లో రెండు స్టార్లు అందుకున్న మొదటి రెస్టారెంట్ ఇదే. ఆల్మాకు రెండో స్టార్ 2018లో దక్కింది.

దీనికి ముందు సంగతి ఇంకా ఆసక్తికరం. పోర్చుగల్ మొత్తంలో రెండు స్టార్ల స్థాయి మొదట అందుకున్నది దక్షిణ తీరం అల్గార్వ్‌లోని విలా జోయా, 1999లో. ఆ తర్వాత అదే తీరంలోని ఓషన్, 2011లో. రెండు చోట్లా వంటింటి పెద్దలు ఆస్ట్రియా నుంచి వచ్చినవాళ్లు: డీటర్ కోషినా, హాన్స్ నోయ్నర్. చేపలు పోర్చుగల్‌వే, చేయి మాత్రం మధ్య ఐరోపాది. పోర్చుగీసు ఇంటి వంట పెద్ద బల్ల ఎక్కడానికి పనికొస్తుందని పోర్చుగీసు షెఫ్‌లు నిరూపించడానికి ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పట్టింది. మిషెలిన్ వాళ్లు కూడా చాలా కాలం స్పెయిన్, పోర్చుగల్‌లకు కలిపి ఒకే గైడ్ వేశారు. పోర్చుగల్‌కు విడిగా గైడ్ వచ్చింది 2024లోనే. 2025 గైడ్ దాకా ఆ దేశంలో మూడు స్టార్ల రెస్టారెంట్ ఒక్కటీ లేదు. పక్కింటి స్పెయిన్‌లో పదికి పైగా ఉన్నాయి. లిస్బన్ వంటవాళ్ల దగ్గర ఈ మాట ఎత్తితే ముఖం కాస్త ముడుచుకుంటుంది.

‘సంప్రదాయం’ అనే మాట వినగానే వేయేళ్ల నాటిది అనుకోవడం మనకూ ఉన్న అలవాటే. పోర్చుగీసు వంట విషయంలో ఆ సంప్రదాయానికి పుస్తకరూపం వచ్చింది నిన్నగాక మొన్న. మరియా ద లూర్దెష్ మొదెష్తు అనే ఆవిడ 1958 నుంచి పోర్చుగల్ టీవీలో వంటల కార్యక్రమం నడిపింది. ఊళ్లనుంచి వంటలు సేకరించి, ప్రాంతాలవారీగా పేర్చి, 1982లో ‘పోర్చుగీసు సంప్రదాయ వంట’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేసింది. ఈరోజు ఏ షెఫ్ అయినా ‘ఇది మా పాత పద్ధతి, దీన్ని ఇలా మార్చాను’ అన్నప్పుడు ఆ పాత పద్ధతి చాలాసార్లు ఆ పుస్తకంలో ఉన్న పద్ధతే. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఎక్కడో ఒక చోట రాసి ఉండాలి కదా.

బకల్యావ్ చుట్టూ ఉన్న మమకారం మాత్రం పుస్తకాలకు ముందుది. విచిత్రం ఏమంటే ఆ చేప పోర్చుగల్ సముద్రంలో దొరకదు. ఉత్తరాన చల్లటి నీళ్లలో, న్యూఫౌండ్‌లాండ్, ఐస్‌లాండ్, నార్వే వైపు ఉంటుంది. పోర్చుగీసు పడవలు శతాబ్దాలుగా అంత దూరం వెళ్లి పట్టుకుని, ఉప్పేసి తెచ్చేవి. నియంత సలజార్ ప్రభుత్వం 1934లో ‘కాడ్ ఉద్యమం’ మొదలుపెట్టి సొంత పడవల సంఖ్య పెంచింది. రెండో ప్రపంచ యుద్ధంలో తాము ఎవరి పక్షమూ కాదని తెలియడానికి ఆ పడవలకు తెల్లరంగు వేశారు. పెద్ద ఓడ మీంచి తెల్లవారుజామున ఒక్కొక్కడూ ఒక్కో చిన్న దోనెలో దిగి, పొగమంచులో గాలాల తాడు వేసి చేపలు పట్టేవాడు. దారి తప్పితే అంతే సంగతులు. ఈ ఒంటరి దోనెల వేట 1974 దాకా సాగింది. క్రిస్మస్ ముందు రాత్రి చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉడికించిన బకల్యావ్, బంగాళాదుంపలు, క్యాబేజీయే భోజనం, పైన పచ్చి ఆలివ్ నూనె. ‘నమ్మకమైన నేస్తం’ అని దానికి ముద్దుపేరు. ఇప్పుడు వచ్చే చేపలో ఎక్కువ భాగం నార్వే నుంచి దిగుమతే.

ఇంత బరువు మోసే చేపను పళ్లెంలో పెట్టేటప్పుడు షెఫ్‌లు దేన్ని కాపాడతారు? పోర్చుగీసువాళ్లు మంచి బకల్యావ్‌ను ‘లాష్కాష్’ని బట్టి లెక్కగడతారు. ఫోర్క్‌తో కాస్త నొక్కగానే చేప పెద్ద పెద్ద రేకులుగా, తడితో మెరుస్తూ విడిపోవాలి. ఎక్కువ వేడి తగిలితే ఆ రేకులు పీచై బిగుసుకుపోతాయి. అందుకే కొత్త తరం వంటిళ్లలో నడుము భాగం దళసరి ముక్కను గోరువెచ్చని ఆలివ్ నూనెలో ముంచి నెమ్మదిగా ఉడకనిస్తారు. నూనెలోకి దిగిన చేప జిగురును మళ్లీ నూనెతో కలిపి గిలకొడితే చిక్కటి తెల్లని సాస్ వస్తుంది. ఇక్కడ కొత్త పద్ధతి పాతదానికంటే నిస్సందేహంగా మేలు. తాష్కాలో రద్దీ వేళ ఉడికిపోయి ఎండిన ముక్క తిన్నవాళ్లెవరూ దీన్ని కాదనరు.

పంది పిల్ల వేపుడు దగ్గరికి వచ్చేసరికి తీర్పు అంత తేలిక కాదు. పోర్తు, లిస్బన్‌ల మధ్య బైరాదా ప్రాంతంలో, మియల్యాదా అనే చిన్న ఊరు దీనికి ప్రసిద్ధి. దారి పొడవునా అవే హోటళ్లు. పాలు తాగే వయసు పంది పిల్లకు లోపల వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు, పందికొవ్వు కలిపిన ముద్ద పట్టించి, పొడవాటి కడ్డీకి గుచ్చి, కట్టెల పొయ్యిలో తిప్పుతూ కాలుస్తారు. తోలు గాజు పెంకులా పగలాలి, లోపల మాంసం తడిగా ఉండాలి. పళ్లెంలో దాని పక్కన మూడే మూడు: ఉప్పేసిన బంగాళాదుంప చిప్స్, నారింజ చక్రాలు, లెట్యూస్ ఆకు సలాడ్. తాగడానికి ఆ ప్రాంతపు బుడగల వైన్.

ఖరీదైన చోట ఇదే పంది పిల్లను ఎముక తీసి, గాలి లేని సంచిలో మూసి, తక్కువ వేడి నీళ్లలో గంటల తరబడి ఉడికిస్తారు. కండరాల మధ్య ఉండే కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ కరిగి జిగురవుతుంది. చల్లారేటప్పుడు బరువు పెట్టి అదిమితే సమంగా చదునవుతుంది. తర్వాత చక్కటి చతురస్రంగా కోసి, తోలు వైపు మాత్రం వేడి పెనం మీద పెట్టి పెళుసుగా చేస్తారు. బెల్‌కాంటోలో ఈ వంటకం పక్కన నారింజ గుజ్జు, లెట్యూస్ మొవ్వు, తినేయగల సంచిలో వేసిన చిప్స్ వస్తాయి. మియల్యాదా పళ్లెంలోని మూడు తోడు వస్తువులనూ వదలకుండా పట్టుకొచ్చారన్నమాట. బైరాదాలో ఆదివారం మధ్యాహ్నం తిన్న పోర్చుగీసు మనిషికి ఆ చిప్స్ సంచి కనపడగానే నవ్వొస్తుంది. లండన్ నుంచో సియోల్ నుంచో వచ్చిన మనిషికి అది ఉత్త చిప్స్ సంచి.

పోయింది కూడా ఉంది. కట్టెల పొగ వాసన సంచిలో రాదు. ఎముక దగ్గరి ముక్క, చెవి, బుగ్గ, ఏ ముక్క ఎవరికి అనే బల్ల దగ్గరి గొడవ, ఇవేవీ చతురస్రంలో పట్టవు. పక్కపక్కన పెడితే తోలు విషయంలో పాత పొయ్యే గెలుస్తుంది, మాంసం మెత్తదనంలో కొత్త పద్ధతి గెలుస్తుంది. ఇక్కడ ‘మెరుగుపరిచాం’ అనడం కంటే ‘ఇంకోలా చేశాం’ అనడమే నిజాయితీ.

అన్నం విషయంలో పోగొట్టుకునేది ఇంకా ఎక్కువ. ఐరోపాలో తలసరి బియ్యం ఎక్కువగా తినేది పోర్చుగీసువాళ్లే. కరొలీను అనే వాళ్ల రకం బియ్యం గంజిని బాగా వదులుతుంది, రుచుల్ని పీల్చుకుంటుంది. రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు వేసి జారుగా వండిన అన్నాన్ని ‘మలంద్రీన్యు’ అంటారు, అంటే అల్లరిది. పళ్లెంలో ఒకచోట నిలవకుండా పారుతుంది కాబట్టి. కుండను పొయ్యి మీంచి తెచ్చి నేరుగా బల్ల మధ్యలో పెడతారు. అందరూ అందులోంచే వడ్డించుకుంటారు, రెండోసారి వడ్డించుకునేసరికి అన్నం ఇంకాస్త బిగుసుకుని రుచి మారుతుంది. మనిషికి మూడు చెంచాలు లెక్కగట్టి పెట్టే చోట రెండోసారి అనేదే లేదు. ఈ నష్టాన్ని ఏ టెక్నిక్ పూడ్చలేదు.

తీపి వంటల్లో మాత్రం కొత్తవాళ్లే గట్టి మేలు చేశారు. పోర్చుగీసు మఠాల తీపి అంటే గుడ్డు సొన, పంచదార, మళ్లీ గుడ్డు సొన. తెల్లసొనను కన్యాస్త్రీలు బట్టలకు గంజిలా వాడేవారని, మిగిలిన పచ్చసొనతో తీపి చేసేవారని చెబుతారు. 1834లో ప్రభుత్వం మఠాలను రద్దు చేశాక ఆ పద్ధతులు బజారుకొచ్చాయి. లిస్బన్ బెలేంలో 1837 నుంచి అమ్ముతున్న కస్టర్డ్ టార్టులు ఆ కోవలోవే. ఉత్తరాన బ్రాగా ప్రాంతంలో ప్రీష్కుష్ అనే ఊరి చర్చి ఫాదర్ పేరుతో ఒక పుడ్డింగ్ ఉంది. 15 పచ్చసొనలు, అర కిలో పంచదార, అర లీటరు నీళ్లు, నిమ్మ తొక్క, దాల్చినచెక్క, చిన్న గ్లాసు పోర్ట్ వైన్, వాటితోపాటు 50 గ్రాముల పంది కొవ్వు. కొవ్వు వల్లే అది నోట్లో పట్టులా జారుతుంది. అద్భుతమే, కానీ రెండు చెంచాలు దాటితే నోరు మొద్దుబారుతుంది. కొత్త రెస్టారెంట్లు దీన్ని పలుచని ముక్కగా కోసి పక్కన పుల్లటి నారింజ జాతి పండు షర్బత్‌ను గడ్డకట్టించి పెడతాయి. చిన్న ముక్క అనేది ఇక్కడ పిసినారితనం కాదు, అవసరం. పాయసం ప్రియులకు మాత్రం తాష్కాలోనే దొరికే ‘అరోష్ దోస్’ సరైనది: పాలలో ఉడికిన అన్నం, నిమ్మ తొక్క వాసన, పైన చిటికెడు చిటికెడుగా దాల్చినచెక్క పొడితో గీసిన గళ్ల ముగ్గు. ఏలకుల బదులు దాల్చినచెక్క వేసిన పరమాన్నం అనుకోవచ్చు.

ఇక మొదటి చిక్కు దగ్గరికి వస్తే, ఈ వంటంతా జ్ఞాపకాన్ని నమ్ముకుని నడుస్తుంది. ఆ జ్ఞాపకం ఉన్న పోర్చుగీసువాళ్లలో చాలామందికి ఆ ధర అందదు. ధర పెట్టగల విదేశీ అతిథులకు ఆ జ్ఞాపకం ఉండదు. ఈ సందును పూడ్చేది వడ్డించే మనిషి. పళ్లెం పెట్టి, ‘మా అమ్మమ్మల కాలంలో దీన్ని ఇలా చేసేవారు’ అని అర నిమిషం చెబుతాడు. లేని జ్ఞాపకాన్ని అప్పటికప్పుడు అప్పిస్తున్నాడన్నమాట. మనవైపు ఊహించుకుంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఎవరైనా ఉలవచారును చిన్న గాజు గ్లాసులో పోసి, మీద వెన్న నురగ పెట్టి ఇస్తే, పెళ్లి భోజనంలో వేడన్నంలో ఉలవచారు, మీగడ కలుపుకున్నవాళ్లకు ఆ గ్లాసు మొత్తం పెళ్లిని తెచ్చిపెడుతుంది. తెలియనివాళ్లకు అది ఏదో పప్పు సూప్. కథ చెప్పొచ్చు, కానీ కథ విని తినడం వేరు, గుర్తొచ్చి తినడం వేరు. పళ్లెం కంటే కథ పొడుగ్గా ఉంటే మాత్రం కాస్త అనుమానపడాల్సిందే.

తెలుగువాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది, కారం. మిరపకాయను 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లే. గుంటూరు కారం మూలాలు ఆ ఓడల్లోనే ఉన్నాయి. అలమారా, తువ్వాలు, అనాస లాంటి మాటలు కూడా ఆ ఓడల్లోనే దిగాయి. తెచ్చినవాళ్లు మాత్రం ఇంట్లో మిరపకాయను అతిథిలాగే చూశారు. కాల్చిన కోడి మీద రాసే పిరి పిరి నూనె తప్ప పోర్చుగీసు బల్ల మీద కారం కనిపించడం తక్కువ. అందుకని మొదటి రెండు మూడు రకాలు చప్పగా అనిపిస్తే అది వంట తప్పు కాదు. ఆ రుచులు ఉప్పులో ఊరడం, ఎండడం, ఆలివ్ నూనె, వెల్లుల్లి దగ్గర ఉన్నాయి. నాలుగో రకానికల్లా నాలుక సర్దుకుంటుంది. కొత్త మనిషికి మొదట నచ్చేది బహుశా ‘పెయిషీన్యుష్ ద ఓర్తా’: పచ్చి బీన్స్ కాయల్ని పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. పేరుకు ‘తోటలో చిట్టి చేపలు’, చూడబోతే మన బజ్జీలు. జపాన్ టెంపురాకు మూలం ఇదే అంటారు.

శాకాహారులు కాస్త ముందుచూపుతో ఉండాలి. ఆకుకూర సూప్ ‘కాల్దు వెర్ద్’లో కూడా పంది సాసేజ్ ముక్క తేలుతుంది. 2017లో వచ్చిన చట్టం ప్రభుత్వ క్యాంటీన్లలో శాకాహార భోజనం తప్పనిసరి చేసింది గానీ ప్రైవేటు రెస్టారెంట్లకు అది వర్తించదు. పెద్ద రెస్టారెంట్లలో బుకింగ్ అప్పుడే స్పష్టంగా చెప్పాలి, చేప కూడా తినమని విడిగా చెప్పాలి.

డబ్బు లెక్క కూడా చూసుకోవాలి. బెల్‌కాంటో లాంటి చోట వరుసగా వడ్డించే పూర్తి భోజనం మనిషికి 200 యూరోలు దాటుతుంది, మన డబ్బుల్లో దాదాపు 20 వేల రూపాయలు. వైన్ విడి. కూర్చుంటే మూడు గంటలు. తాష్కాల్లో కొత్తవాళ్లను కంగారు పెట్టేది ‘కువేర్’: కూర్చోగానే అడక్కుండానే రొట్టె, వెన్న, ఆలివ్ కాయలు, ఒక్కోసారి జున్ను తెచ్చి పెడతారు. ఉచితం అనుకుని తింటే బిల్లులో వస్తుంది. ముట్టుకోకపోతే డబ్బు కట్టనక్కర్లేదు, వెనక్కి తీసుకెళ్లమంటే ఎవరూ ఏమీ అనుకోరు.

రెండూ రుచి చూసే వీలున్నవాళ్లు వరుస తిప్పకుండా ఉంటే మంచిది: మధ్యాహ్నం తాష్కాలో బ్రాష్, రాత్రి షియాదులో దాని చుట్టం. అప్పు తెచ్చుకున్న జ్ఞాపకం కంటే ఆరు గంటల నాటి సొంత జ్ఞాపకం నయం. తాష్కాకు మాత్రం ఒంటిగంటకల్లా చేరాలి. ఆ రోజు వంటలు చేత్తో రాసిన కాగితాన్ని కిటికీకి అంటిస్తారు, రెండు దాటేసరికి వాటిలో సగం మీద పెన్నుతో గీత పడి ఉంటుంది.